పొయ్యి పక్క స్టూలు

వనపర్తి మొత్తంలో నా అంత షుగర్ ఉన్న మనిషి ఇంకొకడు లేడు. నాలుగొందల యాభై. నా వేలి నుంచి ఒక్క చుక్క తీసి బిందెడు నీళ్లలో వేస్తే పెళ్లికి సరిపడా షర్బత్ అవుతుంది. నేను పడుకుంటే తెల్లారేసరికి చాప చుట్టూ చీమలు. మన జిల్లా చీమలే కావు, కొన్ని కొల్లాపూర్ నుంచి మొదటి బస్సుకి వస్తాయి. ఇరవై నాలుగేళ్లకే ఇంత సంపాదించినవాళ్లు చరిత్రలో తక్కువ.

ఇందులో ఇరవై నాలుగేళ్లన్న ముక్క ఒక్కటే నిజం.

నాకు షుగర్ లేదు. ఏనాడూ లేదు. ఆ నాలుగొందల యాభై పానగల్ రోడ్డులో ఒక ఇంటి బోరు నీళ్లది. నేను నీళ్ల ఫిల్టర్లు బాగుచేసే మెకానిక్‌ని. నా చొక్కా జేబులో పెన్నులాంటి మీటరు ఒకటి ఉంటుంది. దాన్ని గ్లాసు నీళ్లలో ముంచితే, అందులో ఎంత ఉప్పు కరిగి ఉందో అంకె చూపిస్తుంది. ఆ రోజు నేను చూసిన ఆఖరి అంకె అది. ఎవరో అడిగారు, నోటికొచ్చింది చెప్పాను. తర్వాత జరిగిందంతా ఆ బోరు పుణ్యం.

నా పేరు వంశీధర్. మాది గద్వాల. మా అమ్మానాన్నలు చీరలు నేస్తారు. గద్వాల చీరకి నడుమంతా నూలు, అంచు పట్టు. రెండిటినీ ఒకదానితో ఒకటి ముడేసుకుంటూ నేయాలి కాబట్టి మగ్గం దగ్గర ఇద్దరుండాలి. ఒకరికి ఆకలేస్తే రెండోవాళ్లు ఒంటరిగా నేయలేరు, మగ్గం ఆగిపోతుంది. అందుకని మా ఇంట్లో ఎవరికి ఆకలేసినా అందరూ లేచి తినాల్సిందే. అమ్మకి ఆకలి లేకపోయినా నాన్నకి తోడు కూర్చుని రొట్టె తుంచుతుంది. స్కూలు నుంచి నేనొస్తే ఇద్దరూ లేచేవాళ్లు. అట్లా పెరిగినవాణ్ణి. వనపర్తికి వచ్చేదాకా, ఒక్కణ్ణే కూర్చుని తినే సందర్భం ప్రపంచంలో ఉంటుందని నాకు తెలియదు.

ఇక్కడ నా పని వంటిళ్లలో. ఈ ఊళ్లో ఏ ఇంట్లో ఏం కూరో నాకు తెలిసినంత ఆ ఇంటి మగవాళ్లకి తెలియదు. ఒకచోట పుంటికూర ఉడుకుతుంటుంది, ఇంకోచోట చేపల పులుసు మీద మూత ఎగురుతుంటుంది. నేను సింకు కింద తల పెట్టి పైపులు విప్పుతుంటాను. "అన్నా, కాలు జర అటు వెట్టు, పప్పు దించాలె" అంటారు. పప్పు నా చెవి పక్కనుంచే పోతుంది. పనయ్యాక మర్యాదగా, "నీళ్లు తాగుతవా అన్నా?" అని అడుగుతారు. నేను బాగుచేసిన ఫిల్టర్లోంచే ఒక గ్లాసు పట్టిస్తారు. రోజంతా కడుపు నిండా నీళ్లు. ఆ లెక్కన నేను మనిషిని కాను, బిందెని.

సాయంత్రాలు బయట తినేవాణ్ణి. బండి మీద నూడుల్స్, మంచూరియా, సెంటర్లో బిర్యానీ. ఫ్యామిలీ రెస్టారెంట్‌కి వెళ్తే వెయిటర్ మొదట అడిగే మాట, "ఎంతమంది సార్?" ఒక్కణ్ణే అంటే చేతులు కడిగే బేసిన్ పక్కన గోడకి ఎదురుగా కూర్చోబెడతాడు. ఒకసారి విసుగేసి, "నలుగురం" అన్నాను. కిటికీ దగ్గర పెద్ద టేబుల్ ఇచ్చాడు. నాలుగు ప్లేట్లు, నాలుగు గ్లాసుల నీళ్లు. నేను ఫోన్ చెవికి పెట్టుకుని, "ఆఁ, జడ్చర్ల దాటిన్రా? మెల్లగ రాన్రి" అన్నాను. అటువైపు ఎవరూ లేరు. బిర్యానీ తిన్నాను, నాలుగు గ్లాసుల నీళ్లూ తాగాను. కొంచెంసేపటికి వెయిటర్ వచ్చి ఖాళీ ప్లేట్లు ఒక్కొక్కటే తీసుకెళ్లాడు. తీసేటప్పుడు నా మొహం వైపు చూడలేదు. మంచి మనిషి. ఆ హోటల్‌కి మళ్లీ వెళ్లలేదు.

రోజూ అదే సమయానికి అమ్మ ఫోన్ చేసేది.

"తిన్నవా బిడ్డ?"

"తిన్న."

"ఏం తిన్నవ్?"

"జొన్నరొట్టె, తోటకూర," అనేవాణ్ణి, నోట్లోంచి నూడుల్ ముక్క వేలాడుతుండగా.

"నూనెవి తినకు. బయటి తిండి ఖరాబు."

"ఛీ, వాసన గూడ చూడ."

*

పాలిటెక్నిక్ గోడ పక్కన అలివేలు రొట్టెల బండి ఉంది. సాయంత్రం గ్రౌండులో నడిచేవాళ్లంతా నడక అయిపోగానే అక్కడికొస్తారు. అలివేలుది లింగాల. అరచేతుల్తో పిండిముద్దని తడుతుంటే ఆ చప్పుడు రోడ్డు అవతలికి వినిపిస్తుంది. మా అమ్మ రొట్టె తట్టే చప్పుడు ఇంకొంచెం నెమ్మది. అయినా ఒకరోజు ఆ చప్పుడుకే ఆగాను.

అక్కడ ఒక పద్ధతి ఉందని నాకప్పటికి తెలియదు. ఆ బండి దగ్గర ఎవరికీ పేర్లుండవు, నంబర్లుంటాయి. షుగర్ నంబర్లు. "నూట ఎనభైకి రెండు రొట్టెలు, రెండొందల పదికి ఒకటే, పల్చగ" అని అలివేలు తనలో తాను అనుకుంటూ తడుతుంది. నంబరు ఎక్కువున్నవాళ్లకి పిండిలో మెంతిపిండి కలుపుతుంది, కూరలో నూనె తగ్గిస్తుంది. అందరికన్నా ఎక్కువ నంబరున్న మనిషికి పొయ్యి పక్కనున్న ఒకే ఒక్క స్టూలు, పెనం మీది మొదటి రొట్టె. ఎక్కువున్నవాళ్లు ఆకలికి ఆగలేరు, కళ్లు తిరుగుతాయి అని ఆమె పెట్టిన నియమం. మిగతావాళ్లు నిలబడే తింటారు.

నేను వెళ్లి లైన్లో నిలబడ్డాను. చాలా పొడుగు లైను.

"నీదెంత?" అంది అలివేలు, తల ఎత్తకుండానే.

"ఏందక్కా?"

"షుగరెంత? నంబరు లేనోళ్లు ఆఖర్ల నిలవడాలె."

కడుపులో ఎలుకలు కాదు, పందికొక్కులు పరుగెత్తుతున్నాయి. పానగల్ రోడ్డు బోరు గుర్తొచ్చింది.

"నాలుగొందల యాభై."

రొట్టె తట్టే చప్పుడు ఆగిపోయింది. లైనంతా వెనక్కి తిరిగింది. అంతమంది ఒకేసారి నా మొహం చూడటం వనపర్తిలో అదే మొదటిసారి.

"తినక ముందా, తిన్నంకనా?" అని అడిగింది ముందు నిలబడిన పెద్దావిడ. ఆమె రంగమ్మ, రిటైరైన బడి టీచరు. నంబరు రెండొందల పది.

"ఎప్పుడన్న గంతే టీచరమ్మా. అదేం తిండితోని సంబంధం వెట్టుకోదు."

"అయ్యో కొడకా. మీసాలు గూడ సక్కగ రాలె." ఈ మాట బుచ్చన్నది. ఆటో నడుపుతాడు, నూట ఎనభై. మీసాల గురించి అనకుండా ఉండాల్సింది.

అప్పుడు స్టూలు మీద కూర్చున్న ముసలాయన లేచాడు. తెల్ల ధోవతి, భుజం మీద తువాలు. రొట్టె పళ్లెం అప్పుడే చేతికొచ్చింది, ఇంకా తుంచలేదు. దాన్ని నా చేతిలో పెట్టాడు.

"కూసో నాయినా. నాది మూడొందల అరవయ్యే," అన్నాడు. పరీక్షలో తక్కువ మార్కులొచ్చిన పిల్లవాడిలా అన్నాడు.

ఆయన పేరు రామచంద్రయ్య. వెళ్లి గోడ పక్కన ఎవరిదో స్కూటర్‌కి ఆనుకుని నిలబడ్డాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను. రొట్టె వేడిగా ఉంది.

*

ఆ తర్వాత గడిచినంత ఆరోగ్యకరమైన రోజులు నా జీవితంలో లేవు. లేని రోగానికి అంత మంచి వైద్యం ఇంకెక్కడా జరగదు. రంగమ్మ టీచరు నేరేడు గింజల పొడి కట్టి తెచ్చేది. అలివేలు నా కోసం కాకరకాయ రసం ఒక స్టీలు గ్లాసులో మూత పెట్టి ఉంచేది. అది తాగేటప్పుడు నా చెవులు వాటంతటవే వెనక్కి వెళ్లేవి. బుచ్చన్న నన్ను గ్రౌండు చుట్టూ నడిపించేవాడు. నేను నెమ్మదిస్తే, "ఏందిరా నాలుగొందల యాభై, గప్పుడే దమ్మా?" అనేవాడు.

అందరూ తిట్టేవాళ్లు. మధ్యాహ్నం ఏం తిన్నావని నిలదీసేవాళ్లు. పనిమీద ఒకరోజు తిమ్మాజిపేట వెళ్లి ఆలస్యంగా వస్తే, అలివేలు పొయ్యి ఆర్పకుండా కూర్చుంది.

"యాడ చచ్చినవ్? ఫోన్ గూడ లేదా నీకు?"

"బస్సు లేటైందక్కా."

"బస్సు లేటైతె ఇంత బెల్లం లేని బిస్కెట్ జేబుల వెట్టుకోవాలె. యాడనన్న పడిపోతె ఎవరు లేపుతరు నిన్ను?"

రొట్టె తుంచుతూ తల దించుకున్నాను. మెంతిపిండి చేదు అనుకుని ఉంటుంది.

ఆ రోజుల్లో అమ్మకి నిజమే చెప్పేవాణ్ణి. జొన్నరొట్టె, పుంటికూర, కాకరకాయ రసం, నేరేడు పొడి.

"అబద్ధాలు చెప్పకురా," అనేది అమ్మ.

రామచంద్రయ్య తాత మాత్రం స్కూటర్ పక్కనే. అంతకుముందు స్టూలు మీద కూర్చుని మామిడికాయల కథలు చెప్పేవాడట. కొల్లాపూర్ వైపు తోటలు కౌలుకి పట్టి బతికినవాడు. కాయ కోయకుండానే తొడిమ దగ్గర వాసన చూసి ఏ చెట్టుదో చెప్పేవాడట. ఇప్పుడు ఒక్క ముక్క తినకూడదు. పొయ్యి దగ్గర కూర్చుని చెబితే అందరికీ వినిపించేది. స్కూటర్ దగ్గరనుంచి చెబితే రొట్టెల చప్పుడులో కలిసిపోతుంది. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాడు. స్టూలు మీద కూర్చుంటే ఎదురుగా ఆయనే కనపడతాడు కాబట్టి, అది నేను ఒక్కణ్ణే చూశాను. చూసి, కాకరకాయ రసం తాగాను.

ఒక సాయంత్రం ఆయన లైన్లోంచే, "నాది మూడొందల తొంభై అయింది," అన్నాడు.

"అయ్యో, గదేంది తాతా? ఏం తింటున్నవ్?" అంది అలివేలు. రంగమ్మ టీచరు ఆయన దగ్గరికి వెళ్లి షుగర్ గోలీల గురించి అడిగింది. బుచ్చన్న తన చెప్పులు తీసి, కాళ్ల వేళ్ల మధ్య పుండ్లు పడకుండా ఎట్లా చూసుకోవాలో చూపించాడు. నా రొట్టె పెనం మీద ఒకవైపు నల్లబడింది. నాకది నచ్చలేదు.

కొన్నాళ్లకి ఆయన నాలుగొందల ముప్పై అన్నాడు. ఎండలు ముదిరితే బోర్లలో నీళ్లు కిందికి పోయి ఉప్పు అంకె పెరుగుతుంది. అందుకని నాది కూడా పెంచాను.

"నాది నాలుగొందల డెబ్బై," అన్నాను, అడగకముందే.

ముసలాయన స్కూటర్ అద్దంలోకి చూస్తూ తువాలుతో మొహం తుడుచుకున్నాడు.

*

ఒకరోజు మధ్యాహ్నం గంజి రోడ్డులో ఒక ఇంటి నుంచి ఫోన్. ఫిల్టర్ కారుతోందట. వెళ్లాను. ఆ ఇంటి కోడలు సుమన తలుపు తీసింది.

"పొద్దుగాల ట్యాంకు నిండ వడ్తున్న అన్నా. పగటాలకు సుక్క ఉండదు. యాడనో కారుతుంది."

మొత్తం విప్పి చూశాను. పైపులు బాగున్నాయి, ట్యాంకు బాగుంది, కింద నేల ఎండిపోయి ఉంది. ఎక్కడా తడి లేదు. పొయ్యి మీద కోడికూర ఉంది. దాని పక్కన చిన్న గిన్నె, సగం మూత పెట్టి.

"గది మా మామది. షుగర్ గద, ఉప్పు కారం లేకుంట వేరే వండుత," అంది సుమన, నేను అటు చూడటం గమనించి. "ఆయన జల్ది తినేస్తడు. మేము తర్వాత టీవీ కాడ తింటం. మా కూర వాసనకు ఆయన పరేషాన్ ఎందుకని."

చెడ్డమనిషేం కాదు. ఆ గిన్నెలో బీరకాయ శ్రద్ధగా తరిగి ఉంది.

అప్పుడే లోపలి గదిలోంచి ఒక చెంబు వచ్చింది. చెంబు వెనక రామచంద్రయ్య తాత. నన్ను చూడలేదు. ఫిల్టర్ కుళాయి తిప్పి చెంబు నింపి, నిలబడే గటగటా తాగేశాడు. మళ్లీ నింపాడు. మళ్లీ తాగాడు. మూడోసారి నింపుకుంటుండగా కింద నా కాళ్లు చూసి, నా మొహం దాకా వచ్చాడు.

ట్యాంకు ఎక్కడ కారుతోందో నాకు అర్థమైంది.

నా మణికట్టు పట్టుకుని గదిలోకి తీసుకెళ్లాడు. మంచం, దండెం, కిటికీలో గోలీల అట్టలు. వాటిలో ఒక్క గోలీ కూడా తీయలేదు, బుడిపెలన్నీ అట్లాగే ఉన్నాయి. దిండు పక్కన నూనె దిగిన కాగితం పొట్లం. జిలేబి.

"కోడలికి చెప్పకు," అన్నాడు.

"గోలీలు వేస్కుంటలేవా తాతా?"

"వేస్కుంటె తగ్గుతది గద."

"తగ్గాలె గద మరి."

"తగ్గితె ఎవరడుగుతరు?" మంచం మీద కూర్చున్నాడు. నాలుక ఎండిపోయి మాట అంటుకుంటోంది. "మా ఆమె పోయినప్పటి సంది నేను ఎవరితోని కూసొని తినలె. ఇంట్ల నా గిన్నె వేరే, నా పొద్దు వేరే. సాయంత్రం ఆ బండికాడ స్టూలు మీద కూసుంటె, ఎంత తాతా అని అడుగుతుండ్రి. నేను చెప్తుంటి. ఇంటుండ్రి. గంతే, వేరే ఏం లేదు."

నేను కిటికీలోంచి గోలీల అట్ట ఒకటి తీసి చేతిలో తిప్పాను.

"నీకు గంతుందంటె నాకు బాధనే బిడ్డా, వయసు పిల్లగానివి. గాని నిజం చెప్తున్న, ఒక్కనాడు నువ్వు రాకపోతె బాగుండు అనుకుంటుంటి. నువ్వు దినాం వస్తివి." నవ్వాడు. "రేపటికి నీ నంబరు దాటుత సూడు."

పొట్లం వాసన గదంతా ఉంది. నా కళ్లు దాని మీదికి పోయాయి. పొద్దుటినుంచి ఏమీ తినలేదు. ఆయన అది చూసి, పొట్లం తీసి దిండు కిందకి తోసేశాడు.

"నీకియ్య. నీకు నాకన్న ఎక్కువుంది. పైలం."

చెప్పడానికి అంతకన్నా మంచి అదను ఉండదు. తాతా, అది బోరు నీళ్లది అంటే అయిపోయేది. నోరు తెరిచాను కూడా. కానీ రేపు సాయంత్రం ఆ బండి దగ్గరికి నంబరు లేకుండా వెళ్లి లైను చివర నిలబడటం కళ్లముందు కనపడింది. నోరు మూశాను.

బయట సుమన అడిగింది, "ఏమైందన్నా? యాడ కారుతుంది?"

"యాడ కారుత లేదు. ఎండలు గద, నీళ్లు ఎక్కువ వడ్తయ్," అన్నాను.

"నీళ్లు తాగుతవా?"

వద్దన్నాను.

*

రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. నాలాంటివాడికి ఉపాయాలకి కొదవ లేదు. నా నంబరు నేనే తగ్గించేసుకుంటాను. స్టూలు దానంతటదే తాతకి పోతుంది, ఆయన గోలీలు వేసుకుంటాడు. నేను తక్కువ నంబరుతో ఆ పక్కనే ఎక్కడో నిలబడతాను. నంబరైతే ఉంటుంది కదా. ఎవరికీ ఏమీ తెలియాల్సిన పనిలేదు.

మర్నాడు సాయంత్రం వెళ్లేసరికి తాత అప్పటికే స్టూలు మీద ఉన్నాడు. పొయ్యి ఇంకా సరిగా రాజుకోలేదు. ఒళ్లో చెంబు. కళ్లు సగం మూసి ఉన్నాయి.

"అయిదొందల పది," అన్నాడు నన్ను చూసి. గెలిచిన మనిషి గొంతే, కానీ చాలా దూరంనుంచి వచ్చినట్టుంది.

"స్టూలు నీదే తాతా. నాకు తగ్గింది. నూట పది," అన్నాను గట్టిగా, అందరికీ వినపడేటట్టు.

ఇక్కడే లెక్క తప్పాను. అంతా నా మీదికొచ్చారు. అలివేలు పిండి చేతుల్తోనే నా బుగ్గలు పట్టుకుంది. లైను చెదిరిపోయి నా చుట్టూ మూగింది.

"మొన్ననే గద నాలుగొందల డెబ్బై అంటివి?" అన్నాడు బుచ్చన్న. "ఏం తిన్నవో జర మాక్కూడ చెప్పు."

"మీరు వెట్టిందే తిన్న."

"నా కాకరకాయ రసమే," అంది అలివేలు.

"నా నేరేడు పొడి గాదా?" అంది రంగమ్మ టీచరు. సంచిలోంచి చిన్న మిషను తీసింది. వాళ్ల అమ్మాయి కొనిచ్చింది, ఎప్పుడూ వెంట ఉంటుంది. "తే, వేలు తే. అందరి ముందట చూద్దాం."

"ఎందుకు టీచరమ్మా, పొద్దుగాల చూస్కున్న."

"తేరా."

నా చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. సూది పెట్టబోయి ఆగింది. నా వేళ్లు ఒక్కొక్కటే తిప్పి చూసింది. తర్వాత రెండో చెయ్యి కూడా అడిగి తీసుకుని చూసింది.

"దినాం ఏ వేలుకు పొడుస్కుంటవ్?"

"అన్నిటికి. మారుస్తుంట."

ఆమె తన వేళ్లు నా వేళ్ల పక్కన పెట్టింది. ఆమె వేళ్ల చివర్లనిండా నల్లని చుక్కలు, సూది గుర్తులు. బుచ్చన్న కూడా తన చెయ్యి చూసుకున్నాడు. వాళ్లందరి వేళ్లూ అట్లాగే ఉంటాయి. నావి అప్పుడే కడిగిన వంకాయల్లా నున్నగా ఉన్నాయి.

సూది గుచ్చింది. నేను ఎగిరి బుచ్చన్న కాలు తొక్కాను. మిషను కాసేపు ఆలోచించి, తొంభై నాలుగు అంది.

రంగమ్మ టీచరు మిషను వైపు చూడలేదు. నన్నే చూస్తోంది. నలభై ఏళ్లు పిల్లల అబద్ధాలు విన్న కళ్లు అవి.

"నాది అయిదొందల పది," అని వెనకనుంచి వినిపించింది. ఎవరూ తిరగలేదు. "అయిదొందల..."

చెంబు కిందపడి దొర్లింది. తిరిగి చూసేసరికి తాత స్టూలు మీదినుంచి పక్కకి జారిపోతున్నాడు. అలివేలు దూకి పట్టుకోకపోతే తల పొయ్యి మీద పడేది. నోరు తెరిచి ఉంది, పెదాలు బీటలు వారి ఉన్నాయి. రంగమ్మ టీచరు ఆయన వేలు పొడిచింది. మిషనులో అంకె రాలేదు. రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి.

"హై అని వడ్డది," అంది.

"హై అంటె ఎంత?" అన్నాడు బుచ్చన్న.

"ఎంతనా? మిషనుకు అందలె. బండి తియ్యి, దవాఖానకు పోవాలె. జల్ది."

తాత కళ్లు కొంచెం తెరుచుకున్నాయి. ఆ గుంపులో నన్ను వెతికి పట్టుకున్నాయి.

"దాటిన్నా?" అన్నాడు.

*

ఆటోలో వెనక తాతని మధ్యలో పెట్టుకుని అటు రంగమ్మ టీచరు, ఇటు నేను కూర్చున్నాం. అలివేలు బండి అట్లాగే వదిలేసి ముందు బుచ్చన్న పక్కన ఎక్కింది. పెనం మీది రొట్టె తీసి, పక్కన పెట్టడం మర్చిపోయి చేతిలోనే పట్టుకొచ్చింది. తాత చెయ్యి నా మణికట్టు మీదే ఉంది, వేడిగా. రంగమ్మ టీచరు సుమనకి ఫోన్ చేసి విషయం చెప్పింది. ఫోన్ పెట్టేసి, తాత తల మీదుగా నన్ను అడిగింది.

"ఇప్పుడు చెప్పు. గా నంబరు ఎవనిది?"

ఏదైనా చెప్పొచ్చు. నాకు చేతకాని పని కాదు. మా తాతదనొచ్చు, మిషను ఖరాబైందనొచ్చు. ఏదో ఒకటి తయారై నోటిదాకా వస్తోంది కూడా. తాత నా మొహం వైపే చూస్తున్నాడు.

"పానగల్ రోడ్డుల ఒక బోరుది టీచరమ్మా," అన్నాను.

"ఏందీ?"

"బోరు నీళ్లది. నాకు షుగర్ లేదు. ఎన్నడు లేదు. నాలుగొందల డెబ్బై గూడ నేను కల్పించిందే." తాత భుజం మీంచి జారుతున్న తువాలు సర్దాను. "నిన్న తాత ఇంటికి పోయిన. ఫిల్టర్ చూడనీకి. గోలీలు బంద్ వెట్టిండని తెలిసింది, జిలేబి చూసిన. నా నంబరు దాటాలని తింటుండు. తెలిసి గూడ చెప్పలె. వాళ్ల కోడలికి గూడ ఎండలకు నీళ్లు ఎక్కువ వడ్తయని చెప్పి వచ్చిన."

బుచ్చన్న అద్దంలోంచి చూశాడు. ఆటో వేగం పెంచాడు. అలివేలు ముందుకే చూస్తోంది. ఆమె చేతిలో రొట్టె అంచు ఒకటి విరిగి ఒళ్లో పడింది.

"ఎందుకురా?" అంది రంగమ్మ టీచరు. బళ్లో అడిగినట్టే అడిగింది.

"ఆకలైంది. లైను పొడుగుండె. తర్వాత..." ఆ తర్వాతది ఎట్లా చెప్పాలో తెలియలేదు. "తర్వాత మీరందరు అడుగుతుండ్రి. ఏం తిన్నవ్, యాడ పోయినవ్ అని. ఈ ఊర్ల అంతకు ముందు నన్ను ఎవరు ఏం అడగలె. ఎంతమంది సార్ అని అడిగిండ్రు, గంతే."

తాత వేళ్లు నా మణికట్టు మీద కదిలాయి. వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు.

"తాతా, నీకన్న ఎక్కువ ఎవరికి లేదు," అన్నాను. "స్టూలు నీదే ఉండె. నేను తీస్కున్న."

ఆయన పెదాలు తడుపుకోవడానికి ప్రయత్నించాడు, తడి లేదు. దవాఖాన గేటు కనపడుతుండగా నెమ్మదిగా అడిగాడు.

"మరి గా కాకరకాయ రసం... రోగం లేకుంట ఎట్ల తాగినవ్‌రా?"

"అందరు చూస్తుండ్రి గద తాతా," అన్నాను. "అందుకే తాగిన."